వీధికుక్కల మీద చర్చ సరే, ఇంట్లో కుక్కపిల్ల సంగతేమిటి?

పోయిన ఆగస్టులో పిల్లల సెలవులకి తెనాలిలో మా అత్తగారింట్లో ఉన్నాం. ఢిల్లీ పరిసరాల్లోని వీధికుక్కలన్నిటినీ ఎనిమిది వారాల్లో పట్టి షెల్టర్లలో పెట్టమని ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇక ఆ వారమంతా ఏ టీవీ ఛానల్ పెట్టినా అదే గోల. మా ఇంట్లోనూ అంతే. కోర్టు మంచి పని చేసిందని మామయ్యగారు, మూగజీవాల మీద ఇదేం న్యాయమని మా మరిది. కాఫీ చల్లారిపోయేదాకా వాదించుకునేవారు.

ఆ వాదన జరుగుతున్నంతసేపూ సోఫా కింద ఒక పది వారాల లాబ్రడార్ పిల్ల మా అబ్బాయి చెప్పు కొరుకుతూ ఆడుకునేది. మా మరిది ముచ్చటపడి కొనుక్కొచ్చింది. 14వ తేదీ సాయంత్రం ఆ పిల్ల నోట్లోంచి బంతి లాగబోయిన మా తొమ్మిదేళ్ళవాడి చేతి మీద పన్ను దిగింది. బొటనవేలి పక్కన చిన్న గీత, రెండు చుక్కల రక్తం. అంతే.

"ఇంట్లో కుక్కేగా, కాస్త పసుపు అద్దు" అన్నారు అత్తయ్యగారు. "వదినా, టీకాలన్నీ వేయించాను, కార్డు కూడా ఉంది" అన్నాడు మరిది. మావారు నా మొహం చూశారు. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. చదివి పదిహేడేళ్ళయింది, ఆ డిగ్రీతో ఉద్యోగమేమీ చేయలేదు, డాక్టర్నీ కాను. కానీ రేబీస్ పాఠం మాత్రం మర్చిపోలేదు. ఎందుకంటే, లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరని మా మేడమ్ బోర్డు మీద రాసిన జబ్బు మా సిలబస్‌లో అదొక్కటే.

ఆ రోజునుంచి మూడు వారాలు మేము పడ్డ తిప్పలు, ఆ తర్వాత నేను చదివి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ఈ వేసవికి ఇండియా టికెట్లు కొనుక్కున్నవాళ్ళు చాలామందే ఉంటారు కాబట్టి.

ఈ దేశం నేర్పే అలవాటు

ఇంగ్లండ్‌లో పెరిగే మన పిల్లలకి కుక్క అంటే భయం లేదు. పార్కులో ఎదురైన ప్రతి కుక్క దగ్గరా ఆగి "కెన్ ఐ స్ట్రోక్ హిమ్?" అని అడుగుతారు. ఓనర్ సరేననగానే మెడ కింద గోకుతారు. కుక్క నాకితే నవ్వుతారు. ఈ దేశంలో అందులో తప్పేమీ లేదు. ఎందుకంటే ఇక్కడి కుక్కల్లో రేబీస్ లేదు.

లేకపోవడం దానంతటదే జరగలేదు. 19వ శతాబ్దం చివర్లో కుక్కల మూతికి చిక్కం తప్పనిసరి చేసి, బయటి కుక్కల రాకను కట్టడి చేసి, 1902 నాటికి బ్రిటన్ రేబీస్‌ని వదిలించుకుంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసే సమయంలో, 1918లో, సైనికులు వెంట తెచ్చుకున్న కుక్కలతో అది మళ్ళీ వచ్చింది. దాన్ని అణచడానికి 1922 దాకా పట్టింది. ఆ తర్వాత బయటినుంచి వచ్చే ప్రతి కుక్కకీ ఆరు నెలల క్వారంటైన్. 1969లో జర్మనీ నుంచి వచ్చి, క్వారంటైన్ పూర్తిచేసుకుని బయటికొచ్చిన ఒక కుక్కకి సర్రేలోని క్యాంబర్లీలో రేబీస్ బయటపడితే దేశమంతా హడలిపోయింది. 2000లో పెట్ పాస్‌పోర్ట్ పద్ధతి వచ్చి, మైక్రోచిప్, టీకా, రక్తపరీక్షల లెక్క మొదలయ్యాక క్వారంటైన్ సడలింది.

దీనివల్ల మనం గమనించని సంగతి ఒకటుంది. ఇక్కడ కుక్కలకి మామూలుగా రేబీస్ టీకా వేయరు. డిస్టెంపర్, పార్వో లాంటివి వేస్తారు. రేబీస్ టీకా విదేశాలకు తీసుకెళ్ళే కుక్కలకే. అంటే మన పక్కింటి కుక్కకి రేబీస్ టీకా ఉండదు, అయినా మనకి భయం లేదు. ఇండియాలో కుక్కకి టీకా లేకపోతే భయపడాల్సిందే. ఒకే జంతువు, రెండు దేశాల్లో రెండు లెక్కలు. మన పిల్లలకి తెలిసింది ఇక్కడి లెక్క ఒక్కటే. విమానం దిగగానే అమ్మమ్మగారి వీధిలో అదే లెక్క వేస్తారు.

ఒక గీత, నాలుగు నెలలు

2025 జూన్‌లో యార్క్‌షైర్‌కి చెందిన ఒక మహిళ రేబీస్‌తో చనిపోయారని యూకే హెల్త్ సెక్యూరిటీ ఏజెన్సీ ప్రకటించింది. ఫిబ్రవరిలో మొరాకో విహారయాత్రలో ఒక కుక్కపిల్ల ఆవిడని చిన్నగా గీరింది. దాన్ని గాయమని కూడా అనుకోలేదు. ఇంటికొచ్చి మామూలుగానే ఉన్నారు. జూన్ వచ్చేసరికి మనిషి లేరు.

2000 నుంచి 2024 వరకు పాతికేళ్ళలో విదేశాల్లో జంతువుల వల్ల రేబీస్ సోకి బ్రిటన్‌లో బయటపడిన కేసులు ఆరే. చాలా తక్కువ. మనం జడుసుకోవాల్సిన పని లేదు. కానీ 2012లో లండన్‌లో చనిపోయినావిడని కరిచింది దక్షిణాసియాలోని కుక్క. ఏటా ఆ వైపు ఎక్కువగా వెళ్ళొచ్చేది ఎవరో నేను చెప్పక్కర్లేదు. టూరిస్టుగా వెళ్ళే తెల్లవాళ్ళు ట్రావెల్ క్లినిక్‌కి వెళ్ళి, టీకాల గురించి అడిగి మరీ వెళ్తారు. మనం మాత్రం "మన ఊరేగా" అని పచ్చళ్ళకి ఖాళీ డబ్బాలు సర్దుకుని బయల్దేరతాం.

నాలుగు నెలలు ఎందుకు పట్టింది? ఈ వైరస్ రక్తంలో తిరగదు. కరిచిన చోట కండలోకి దిగి, అక్కడి నరాన్ని పట్టుకుని నెమ్మదిగా మెదడు వైపు ప్రయాణిస్తుంది. సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. వారంలోనూ బయటపడొచ్చు, ఏడాది తర్వాతా బయటపడొచ్చు. మొహం మీదో, మెడ మీదో, వేళ్ళ మీదో కరిస్తే తొందరగా చేరుతుంది. మొహానికీ వేళ్ళకీ నరాలెక్కువ, మొహం మెదడుకి దగ్గర. పిల్లలు కుక్క ఎత్తులోనే ఉంటారు కాబట్టి వాళ్ళకి తల మీదే కాట్లు పడతాయి. ప్రపంచంలో రేబీస్‌తో చనిపోయేవారిలో పదిమందికి నలుగురు పదిహేనేళ్ళలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వైరస్ మెదడుకి చేరేలోపు మన శరీరం యాంటీబాడీలు తయారుచేసుకోవాలి. టీకా చేసే పని అదే. చేరాక ఏ మందూ పనిచేయదు. కాబట్టి ఆ మధ్యకాలమే మనకున్న అవకాశం.

54 మందా, 5,726 మందా?

ఇండియాలో ఈ జబ్బు ఎంతుందో చెప్పే అంకెలు చూస్తే నాకు తల తిరిగింది. 2024లో దేశంలో 37 లక్షల పైచిలుకు కుక్కకాట్లు, 54 అనుమానిత రేబీస్ మరణాలు అని కేంద్రం పార్లమెంటుకి చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు ఇంటింటి సర్వే చేసి 2025లో లాన్సెట్ పత్రికల్లో ప్రచురించిన అంచనా ఏడాదికి 5,726 మరణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చిన లెక్క 18 వేల నుంచి 20 వేలు.

ఒకే దేశం, ఒకే జబ్బు, లెక్కలకి మాత్రం ఎక్కడా పొంతన లేదు. ఎవరో అబద్ధం చెబుతున్నారని కాదు. రేబీస్ అని అనుమానం రాగానే చాలా ఆసుపత్రులు చేతులెత్తేస్తాయి, ఇంటివాళ్ళు తీసుకుపోతారు, రోగి ఇంట్లోనే పోతాడు. ల్యాబ్‌లో నిర్ధారించాలంటే మామూలుగా మెదడు కణజాలం పరీక్షించాలి. పల్లెల్లో ఆ పని ఎవరు చేయిస్తారు? కాగితం మీదకి ఎక్కేవాళ్ళు కొందరే. అదే సర్వేలో ఇంకో మాట నన్ను ఎక్కువ భయపెట్టింది. కుక్క కరిచినవాళ్ళలో ఐదింట ఒకవంతు మంది అసలు టీకానే వేయించుకోలేదు.

మరి కోర్టు సంగతి? ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం మొదటి ఆదేశాన్ని మార్చింది. పట్టిన కుక్కలకి కుటుంబనియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది. రేబీస్ ఉన్నవీ, మీదపడి కరిచేవీ మాత్రం వదలొద్దంది. నవంబర్ 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కల్ని తీసేయాలని, వాటిని మళ్ళీ అక్కడే వదలకూడదని చెప్పింది. 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు మీద కుక్కలు పడి చంపేసిన వీడియో చూసినవాళ్ళెవరికీ ఈ కోపం అర్థం కాకుండా ఉండదు.

కానీ వీధిలో కుక్కలు తగ్గించడం, రేబీస్ తగ్గించడం రెండూ ఒకటే పని కాదు. ఒక ప్రాంతంలో వందకి డెబ్భై కుక్కలకి టీకా పడి, ఏటా దాన్ని నిలబెడితే వైరస్ పాకడం ఆగుతుందని ప్రపంచ అనుభవం. దీనికి ఉదాహరణ ఇండియాలోనే ఉంది. మిషన్ రేబీస్ అనే సంస్థ గోవా ప్రభుత్వంతో కలిసి 2014 నుంచి వీధివీధీ తిరిగి వలలతో పట్టి మరీ కుక్కలకి టీకాలు వేసింది. 2021లో గోవాని రేబీస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ సంస్థ వెనకున్నవాళ్ళు ఇక్కడి డోర్సెట్ పశువైద్యులే. మన తెలుగు రాష్ట్రాల్లో ఊళ్ళకి ఏదైనా చేయాలనుకునే ఎన్నారై సంఘాలు గుడికి రంగులు వేయించడంతోపాటు ఇలాంటి పని గురించీ ఆలోచిస్తే బాగుంటుంది.

కార్డు మీద ఏముంది?

మళ్ళీ తెనాలికి వద్దాం. బాబు చేతిని కుళాయి కింద పెట్టి, సబ్బు రాసి పదిహేను నిమిషాలు గడియారం చూస్తూ కడిగాను. వాడు ఏడ్చాడు, అత్తయ్యగారు కంగారుపడ్డారు, నేను ఆపలేదు. రేబీస్ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరని కరిగిస్తుంది. మన చేతిలో ఉన్న మొదటి మందు అదే, ఖర్చు కూడా లేదు. పసుపు, కారం, సున్నం, పసరు ఏవీ పెట్టకూడదు. గాయానికి గట్టిగా కట్టు కట్టకూడదు.

తర్వాత మరిది తెచ్చిన కార్డు చూశాను. రెండు స్టిక్కర్లు ఉన్నాయి. రెండూ పార్వో, డిస్టెంపర్ టీకాలవి. రేబీస్ గడి ఖాళీ. దాన్ని మూడో నెల నిండాకే వేస్తారు. అమ్మినతను "వ్యాక్సినేటెడ్" అన్నాడు, అబద్ధం కాదు. మరిది నమ్మాడు, అతని తప్పూ కాదు. కానీ కుక్కపిల్లలు అందరికంటే ముద్దుగా ఉండేదీ, పిల్లలు వాటిని ఎక్కువ ఎత్తుకునేదీ, పాలపళ్ళతో అవి ఎక్కువ కొరికేదీ సరిగ్గా ఆ మూడు నెలల్లోపే. అప్పటికి రేబీస్ టీకా ఉండదు. ఆ పిల్ల రోజూ పొద్దున గేటు బయట వీధికుక్కలతో ముక్కూముక్కూ రాసుకునేది కూడా.

2025 జూన్‌లోనే ఉత్తరప్రదేశ్ బులంద్‌షహర్‌లో ఇరవై రెండేళ్ళ కబడ్డీ ఆటగాడు ఇలాగే పోయాడు. కాలువలో పడ్డ కుక్కపిల్లని బయటికి తీస్తుంటే వేలి మీద కరిచింది. చిన్న గాయమని టీకా వేయించుకోలేదు. మూడు నెలలకి జబ్బు తిరగబెట్టింది. పిచ్చికుక్క అనగానే మనకి నోట నురగ కక్కుతూ పరిగెత్తే పెద్దకుక్కే కళ్ళముందుకొస్తుంది. మొరాకోలోనూ, బులంద్‌షహర్‌లోనూ చావు తెచ్చింది కుక్కపిల్లలు.

ఇంట్లో కుక్కని పెంచుకునేవాళ్ళకి ఇంకొకటి చెప్పాలి. రేబీస్ వచ్చిన కుక్కలన్నీ మీదపడవు. కొన్ని మూలకి చేరి, తిండి మానేసి, దవడ జారిపోయి, చొంగ కారుస్తూ మింగలేక అవస్థపడతాయి. గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని ఇంటివాళ్ళు నోట్లో చెయ్యి పెడతారు. అలా మాత్రం ఎప్పుడూ చేయకండి. ఉన్నట్టుండి కుక్క స్వభావం మారినా, అరుపు మారినా, నడక తూలినా దూరంగా ఉండి పశువైద్యుణ్ణి పిలవండి. నీళ్ళంటే భయం మనుషుల లక్షణం. కుక్క నీళ్ళు తాగుతోంది కాబట్టి రేబీస్ లేదనుకోవడం తప్పు.

జెండా పండగ, కృష్ణాష్టమి, మధ్యలో మేము

ఆ రాత్రే దగ్గర్లోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో టీటీ ఇంజెక్షన్, రేబీస్ టీకా మొదటి డోసు వేశారు. ఇమ్యునోగ్లోబులిన్ అడిగాను. "చిన్న గీతేనమ్మా, అక్కర్లేదు" అన్నారు. అక్కర్లేకపోవడం కాదు, వాళ్ళ దగ్గర లేదని తర్వాత అర్థమైంది.

ఇది అందరూ తెలుసుకోవాల్సిన విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కుక్కని ముట్టుకున్నా, గాయం లేని చర్మాన్ని అది నాకినా ఏమీ అక్కర్లేదు. రక్తం రాకుండా గీరినా, పంటి గాటు పడినా టీకా కావాలి. చర్మం తెగి రక్తం వచ్చినా, పుండు మీదో, కంట్లోనో, నోట్లోనో చొంగ పడినా టీకాతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. టీకా వల్ల మన శరీరం యాంటీబాడీలు తయారుచేయడానికి వారం పైన పడుతుంది. ఇమ్యునోగ్లోబులిన్ అంటే తయారుగా ఉన్న యాంటీబాడీలు. వాటిని గాయం చుట్టూ గుచ్చి ఆ వారం కాపలా పెడతారు. మొదటి టీకా డోసు పడిన ఏడు రోజుల్లోపే ఇవ్వాలి. ఆ తర్వాత ఇచ్చి ప్రయోజనం లేదు.

15న స్వాతంత్ర్య దినోత్సవం, సెలవు. 16న కృష్ణాష్టమి. మావారు ఫోన్లు చేసి చేసి అలిసిపోయారు. చివరికి 16 మధ్యాహ్నం విజయవాడలో ఒక పెద్దాసుపత్రిలో దొరికింది. బొటనవేలి పక్క ఆ సన్నటి గీతలోకి సూది గుచ్చి మందు ఎక్కిస్తుంటే మావాడు కేకలు పెట్టాడు. వాడి కాళ్ళు నేను పట్టుకున్నాను. ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో చెప్పలేను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కుక్కపిల్ల లేదు. పెద్దవాళ్ళు భయపడి, వాచ్‌మన్ చేత ఎక్కడో దూరంగా వదిలేయించారు. మా మంచి కోరే చేశారు. కానీ చేయకూడని పని అదే. చొంగలో వైరస్ ఉన్న కుక్క పది రోజుల్లోపు జబ్బుపడుతుంది, చనిపోతుంది. కరిచిన పదో రోజుకి కుక్క హుషారుగా ఉందంటే, కరిచిన నాటికి దాని చొంగలో వైరస్ లేనట్టే. అప్పుడు డాక్టరు మిగతా డోసులు ఆపేయొచ్చు కూడా. అలాగని పది రోజులు చూసి అప్పుడు టీకా మొదలుపెట్టకూడదు. టీకా వెంటనే మొదలుపెట్టాలి, కుక్కని కట్టేసి గమనించాలి. కుక్కని పోగొట్టుకుంటే ఆ సమాచారం పోతుంది. పైగా దానికి నిజంగా జబ్బుంటే, తీసుకెళ్ళి ఇంకో వీధి పిల్లల మధ్య వదిలినట్టు. ఆ పిల్ల బతికిందో లేదో ఈరోజుకీ మాకు తెలియదు.

ఐదా, నాలుగా?

17న రెండో డోసు, 21న మూడోది వేయించి 25న తిరుగు ప్రయాణమయ్యాం. తెనాలి డాక్టరు రాసిచ్చిన కాగితం మీద ఇంకా రెండు తేదీలున్నాయి, ఆగస్టు 28, సెప్టెంబర్ 11.

ఇక్కడ మా జీపీ సర్జరీకి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో ఉన్నావిడ "ఈ దేశంలో రేబీస్ లేదు కదా" అంది, ఎంతో మర్యాదగా. మూడు రోజుల తర్వాత అపాయింట్‌మెంట్ ఇస్తానంది. ఇలాంటప్పుడు మనం వాడాల్సిన మాటలు నేను ఆరోజే నేర్చుకున్నాను. "రేబీస్ ఎక్కువగా ఉన్న దేశంలో కుక్క కరిచింది, చికిత్స మధ్యలో ఉంది, ఈరోజే డాక్టరు మాట్లాడాలి" అని చెప్పాలి. జీపీ దొరక్కపోతే 111కి ఫోన్ చేయాలి. ఇంగ్లండ్‌లో ఇలాంటి కేసులని చూడటానికి హెల్త్ సెక్యూరిటీ ఏజెన్సీకి లండన్ కాలిండేల్‌లో ప్రత్యేక విభాగం ఉంది. జీపీ వాళ్ళని సంప్రదిస్తే ఏం వేయాలో, ఎప్పుడు వేయాలో చెప్పి, టీకా పంపిస్తారు. కరిచాక చేసే ఈ చికిత్సకి ఎన్‌హెచ్‌ఎస్‌లో డబ్బు కట్టక్కర్లేదు. మా డాక్టరుగారు ఆ మధ్యాహ్నమే మాట్లాడారు.

ఇండియాలో కండకి వేసే పద్ధతిలో ఐదు డోసులు, 0, 3, 7, 14, 28 రోజుల్లో. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో నాలుగుసార్లు, 0, 3, 7, 28 రోజుల్లో, ఒక్కోసారి రెండు చేతులకీ. బ్రిటన్‌లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి నాలుగు, 0, 3, 7, 21 రోజుల్లో. రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళకి ఇక్కడా ఐదు. ఏదీ తప్పు కాదు, అన్నీ పనిచేస్తాయి. మనంతట మనం లెక్కలు వేసుకుని ఒకటి ఎగ్గొట్టడమే తప్పు. మావాడికి చివరి డోసు సెప్టెంబర్ 4న, బడి తెరిచిన వారంలో, ఇక్కడే వేశారు. మా అమ్మమ్మ కాలంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేసేవారు. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ పాత టీకాని ఇండియాలో 2004 చివరినాటికే ఆపేశారు. ఆ భయంతో ఇప్పటికీ దాచిపెట్టేవాళ్ళున్నారు. ఇప్పుడు అన్నీ భుజానికే.

డాక్టరుగారు నన్ను మెచ్చుకున్నది ఒక్క విషయానికి. ప్రతి డోసు సీసానీ, దాని మీది బ్యాచ్ నంబరునీ ఫోనులో ఫోటో తీసి ఉంచాను. డిసెంబర్‌లో దాని విలువ ఇంకా బాగా తెలిసింది. ఇండియాలో 2023 నవంబర్ నుంచి నకిలీ అభయ్‌రాబ్ టీకా చలామణిలో ఉందని, అక్కడ ఆ టీకా వేయించుకున్నవాళ్ళు వైద్యుణ్ణి కలవాలని ఆస్ట్రేలియా ఆరోగ్యశాఖ నిపుణులు హెచ్చరించారు. ఆ టీకా తయారుచేసే హైదరాబాద్ సంస్థ ఇండియన్ ఇమ్యునోలాజికల్స్, నకిలీ ఒక్క బ్యాచ్‌కే పరిమితమని, తామే 2025 జనవరిలో కనిపెట్టి అధికారులకు చెప్పామని వివరణ ఇచ్చింది. ఈ వార్త చూసి ఇండియాలో టీకానే మానుకోవద్దు. అంతకంటే పెద్ద ప్రమాదం లేదు. ప్రభుత్వాసుపత్రిలోనో, పేరున్న ఆసుపత్రిలోనో వేయించుకోండి, బ్యాచ్ నంబరు రాయించుకోండి, తిరిగొచ్చాక ఇక్కడ చూపించండి. హైదరాబాద్‌లో ఉంటే నారాయణగూడ ఐపీఎం తరతరాలుగా కుక్కకాటుకి వెళ్ళే చోటు.

బయల్దేరే ముందు

ముందుగానే వేయించుకునే టీకా ఉంది. మూడు డోసులు, 0, 7, ఆపైన 21 లేదా 28వ రోజు. అంటే ప్రయాణానికి కనీసం నెల ముందు మొదలుపెట్టాలి. మామూలుగా మన డబ్బుతోనే వేయించుకోవాలి. నలుగురున్న కుటుంబానికి బిల్లు తక్కువేం కాదు. కానీ వేయించుకుంటే, కరిచాక రెండే డోసులు చాలు, ఇమ్యునోగ్లోబులిన్ వేట అక్కర్లేదు. సెలవురోజున విజయవాడ పరుగెత్తినదాన్ని కాబట్టి ఆ రెండో లాభం విలువ నాకు తెలుసు. పల్లెటూళ్ళో వారాల తరబడి ఉండేవాళ్ళూ, కరిచినా గీరినా చెప్పలేని చిన్నపిల్లలున్నవాళ్ళూ ట్రావెల్ క్లినిక్‌లో తప్పక అడగండి.

ఊళ్ళో చుట్టాలింట్లో కుక్క ఉంటే వెళ్ళకముందే ఫోన్ చేసి "రేబీస్ టీకా ఎప్పుడు వేయించారు, ఏడాది దాటిందా?" అని అడగండి. మొహమాటం వద్దు. "టీకాలు వేయించారా" అని అడిగితే అందరూ వేయించామనే అంటారు. రేబీస్ అని పేరుపెట్టి అడగాలి. పిల్లలకి చెప్పాల్సింది రెండు మాటలు. ఇండియాలో అమ్మానాన్నా సరే అనందే ఏ కుక్కనీ, పిల్లినీ, కోతినీ ముట్టుకోవద్దు. కరిచినా, గీరినా వెంటనే వచ్చి చెప్పు, తిట్టం. ఆ "తిట్టం" అన్నమాట ముఖ్యం. పిల్లలు దాచేది దెబ్బలకి భయపడే.

ఇండియాలో పెంచుకున్న కుక్కని ఇక్కడికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళకి దారి ఉంది, కాస్త పొడుగు. మైక్రోచిప్, పన్నెండు వారాలు నిండాక రేబీస్ టీకా, ముప్ఫై రోజులాగి రక్తపరీక్ష, ఆ రక్తం తీసిన రోజునుంచి మూడు నెలలు ఎదురుచూపు, ఆపైన హెల్త్ సర్టిఫికెట్, నులిపురుగుల మందు. ఈ లెక్కన ఏడు నెలల్లోపు పిల్ల ఇండియా నుంచి ఇక్కడికి చట్టప్రకారం రాలేదు. ఎవరైనా విదేశం నుంచి తెచ్చిన ఎనిమిది వారాల పిల్ల అని ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మజూపితే, ఏ దేశమైనా సరే, అది దొంగదారిన వచ్చిందే. అమెరికా కూడా 2021లో అజర్‌బైజాన్ నుంచి వచ్చిన ఒక కుక్కకి రేబీస్ ఉందని తేలాక నిబంధనలు బిగించింది. 2024 ఆగస్టు నుంచి ఆరు నెలల్లోపు కుక్కల్ని రానివ్వడం లేదు.

ఇక్కడ మన పెరట్లో జాగ్రత్త పడాల్సింది గబ్బిలాలతో. బ్రిటన్‌లో కొన్ని గబ్బిలాల్లో రేబీస్ జాతి వైరస్ ఉంది. 2002లో స్కాట్లాండ్‌లో గబ్బిలాల సంరక్షణలో పనిచేసే ఒకాయన దానితోనే చనిపోయారు. కిందపడ్డ గబ్బిలాన్ని వట్టి చేత్తో తీయనీయకండి. కరిస్తే గాయం కనపడకపోయినా అదేరోజు డాక్టరుకి చెప్పండి.

ఈ ఆగస్టులో మళ్ళీ తెనాలి వెళ్తున్నాం. మావాడికి ఆ నాలుగు డోసులు పడ్డాయి కాబట్టి టీకా ఉన్నవాడి కిందే లెక్క. మా పాపకీ, మా ఇద్దరికీ జూన్‌లో మూడు డోసులకి బుక్ చేశాం. మరిది మొన్న వీడియో కాల్‌లో ఇంకో కుక్కపిల్లని తెచ్చుకుందామనుకుంటున్నానని, "ఈసారి మూడు నెలలు నిండి, రేబీస్ సూది పడ్డాకే గేటు దాటిస్తాను వదినా" అని చెప్పాడు. పక్కనే కూర్చున్న మావాడు ఫోన్ లాక్కుని పాతదాని సంగతేమైనా తెలిసిందా బాబాయ్ అని అడిగాడు. తెలియలేదన్నాడు.